ఇటలీ బామ్మర్ది

హైదరాబాద్,
10 జూన్ 2011

ఎర్రయ్య బావకు, భట్టీ సెగ ఇంకా ఒంటి మీద ఉండగానే పెడుతున్న దండాలు.

ఫోన్ చేస్తే మాట గాలికి పోతుంది, ఉత్తరం రాస్తే నా సంచిలోకి వస్తుంది అని నువ్వెప్పుడూ అంటావు. ముత్యంపేట పోస్టుమాస్టరుకు బామ్మర్దినై ఉండి ఫోన్‌లో ముచ్చట్లు చెప్పడం ద్రోహమే. పైగా ఇక్కడ వంటింట్లోకి ఫోన్ తేనివ్వరు. అందుకని రాస్తున్నాను.

నౌకరీ మారాను బావా. జూబ్లీహిల్స్‌లో 'జిరసోలె' అని ఒక ఇటలీ హోటల్. ఆ మాటకు వాళ్ల భాషలో పొద్దుతిరుగుడు పువ్వు అని అర్థమట. కోరుట్లలో బాబా మియా బేకరీలో భట్టీ ముందు కాగిన ఏళ్లు ఊరికే పోలేదు. ఇక్కడా కట్టెల భట్టీయే. అక్కడ బన్నులు కాల్చాను, ఇక్కడ పిజ్జాలు కాలుస్తున్నాను. పిజ్జా అంటే ఏమిటని అక్క అడుగుతుంది. రొట్టె అనుకోమను. రొట్టె మీద టమాట తొక్కు, దాని మీద జున్ను, దాని మీద తులసికి దూరపు చుట్టంలాంటి ఆకు.

మొదట మార్కో అని అసలైన ఇటలీ ఆయనే ఇక్కడ పెద్ద వంటవాడు. నేను ఆయన చేతి కింద పని నేర్చుకున్నాను. మంచి మనిషి. కానీ ఈ బందులూ ధర్నాలూ ఆయనకు అంతుపట్టలేదు. "తెరిచి ఉన్నప్పుడు చెప్పండి, వస్తాను" అని చెప్పి వాళ్ల దేశం వెళ్లిపోయాడు. మా యజమాని రాజ్ సార్ అప్పటికే 'ఇటలీ చెఫ్ చేతి వంట' అని ఊరంతా కాగితాలు పంచి ఉన్నాడు. తల పట్టుకుని కూర్చున్నవాడు నా వైపు చూశాడు. మా అమ్మ ఇచ్చిన పిల్లికళ్లు, ఎర్రటి ఒళ్లు చూశాడు. "నువ్వు సరిపోతావ్. ఇవాళ్టి నుంచి నీ పేరు బ్రూనో. ఒక్కటే షరతు, నోరు తెరవకూడదు" అన్నాడు.

"ఎందుకు సార్?" అన్నాను.

"నీ మొహం నేపుల్స్‌లో పుట్టింది. నోరు మాత్రం కోరుట్లలో పుట్టింది" అన్నాడు.

వంటగదికి నాలుగు పక్కలా అద్దాలే. తినేవాళ్లంతా నన్ను చూస్తుంటారు. నేను పిండి ముద్దను గాల్లోకి ఎగరేసి పట్టుకుంటాను, తల ఊపుతాను, నవ్వుతాను. మొత్తానికి నన్ను పూర్తిగా ఇటలీ వాణ్ణి చేసేశారు. పని మాత్రం బాగుంది బావా, జీతం కూడా పెరిగింది. ఉండడానికి హోటల్ వెనకే ఒక గది ఇచ్చారు.

అక్కకు, నీకు మరోసారి దండాలతో,
బాలరాజు

తా.క.: నా ఫొటో అచ్చేసిన కాగితం ఒకటి ఇందులో పెడుతున్నాను. కింద ఇంగ్లీషులో ఏదో ఉంటుంది. అక్కకు చదువు రాదు కాబట్టి ఆమెకు చూపించు. నువ్వు చూడకు.

*

ముత్యంపేట,
24 జూన్ 2011

చిరంజీవి బాలరాజుకు (బ్రూనో అనేవాడు మా ఇంట్లో ఎవరూ లేరు), ఎర్రయ్య దీవెనలు.

నీ కాగితం చూశాను. చూడకు అంటే చూడకుండా ఉండడానికి నేనేమీ ఇటలీ వాణ్ణి కాను.

నిన్ను 'పూర్తిగా ఇటలీ వాణ్ణి చేసేశారు' అని రాశావు. ఎక్కడ చేశారు? ఏ ఆఫీసులో? సంతకం పెట్టావా, వేలిముద్ర వేశావా? రేషన్ కార్డులో నీ పేరు ఉంటుందా, పోతుందా? తెలంగాణ వస్తే స్థానికులకే కొలువులని మేమిక్కడ రోడ్ల మీద కూర్చుంటే, నువ్వు అక్కడ కూర్చుని స్థానికతే పోగొట్టుకున్నావా? తొందరపడి ఇంకే కాగితం మీదా సంతకం పెట్టకు. మన మండలాఫీసులో నాకు తెలిసినవాళ్లున్నారు, వెనక్కి తీసుకోవడం కుదురుతుందేమో అడుగుతాను.

పోయిన ఆదివారం వంటావార్పు జరిగింది. తెలంగాణ మొత్తం రోడ్డెక్కి పొయ్యి పెట్టింది. కోరుట్ల రోడ్డు మీద మీ అక్క ఇంత గంజు ఎక్కించి బగార అన్నం వండింది. పోలీసులు పొయ్యి ఆర్పడానికి వచ్చి, తిని పోయారు. రాజ్యమంతా రోడ్డు మీద వండుతుంటే, వంటే వృత్తిగా ఉన్న నా బామ్మర్ది ఒక్కడు అద్దాల గదిలో ఎవరికో రొట్టెలు ఎగరేస్తున్నాడు. మన ఊరి దీక్షా టెంటులో నర్సింగం అడిగాడు, "మీ బాలరాజు ఏం చేస్తుండే పట్నంల?" అని. "వంట చేస్తున్నడు" అన్నాను. "ఎవలకు?" అన్నాడు.

ఆ రాజ్ అనేవాడు ఏ ఊరివాడో కనుక్కో. నాకైతే అనుమానమే లేదు, వాడు ఖచ్చితంగా ఆ పక్కవాడే. మనవాడైతే మన నోరు ఇట్లా కట్టేస్తాడా?

ఆలోచించి రాయి.

నీ మేలు కోరే బావ,
ఎర్రయ్య

తా.క.: మీ అక్క లింగవ్వ తన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయమంటోంది: "తమ్మీ, నోరు తెరువద్దంటే బువ్వెట్ల తింటున్నవ్ రా? ముక్కుతోనా? గీ బావ ఏమో రేషన్ కార్డంటడు, వోటంటడు. ఆకలైతందా లేదా గది చెప్పు ముందుగాల. సకినాలు పంపుతున్న. సప్పుడు గాకుండ నాన వెట్టుకొని తిను."

*

హైదరాబాద్,
30 అక్టోబర్ 2011

బావకు, అక్కకు, సమ్మె ముగిసి బస్సులు కదిలిన సంతోషంతో దండాలు.

నీ ఉత్తరాలకు వెంటనే జవాబు రాయలేదని కోపంగా ఉంటావు. మొదట పనిలో పడి రాయలేదు. రాద్దామనుకునేసరికి సకల జనుల సమ్మె వచ్చింది. బస్సుల్లేక నా ఉత్తరం ఇక్కడే పడి ఉంటుందని మళ్లీ ఆగాను.

నేనే కాగితం మీదా సంతకం పెట్టలేదు బావా. నా రేషన్ కార్డు భద్రం. ఇటలీ వాణ్ణి కావడమంటే టోపీ పెట్టుకుని ఊరుకోవడం, అంతే. అక్కకు చెప్పు, నోరు మూసుకునేది జనం చూసినప్పుడే. రెండు పూటలా తింటున్నాను.

సమ్మెలో ఒక సంగతి జరిగింది. ఎవరికైనా చెప్పకపోతే నాకు నిద్ర పట్టేటట్టు లేదు.

ఒక మధ్యాహ్నం విద్యార్థులు జెండాలు పట్టుకుని హోటల్ మూయించడానికి వచ్చారు. లోపల జనం భోజనం చేస్తున్నారు. రాజ్ సార్‌కు చెమటలు పట్టాయి. నన్ను రెక్క పట్టుకుని గుమ్మంలోకి తెచ్చి వాళ్ల ముందు నిలబెట్టాడు. "ఫారిన్ ఆయన ఉన్నాడు. గొడవ చేస్తే దేశం పరువు పోతుంది" అన్నాడు. పిల్లలు నిజంగానే ఆగిపోయారు. రాళ్లు పట్టుకున్నవాళ్లు చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

వాళ్లలో ఒకడు సన్నగా, గడ్డం పెంచుకుని ఉన్నాడు. ముందుకొచ్చి నాకు చేయి కలిపాడు. ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. అతనికి ఇంగ్లీషు అంతంత మాత్రం, నాకు అంతకన్నా తక్కువ. అయినా నాకు ప్రతి మాటా అర్థమైంది. నీళ్లు ఎట్లా పోయాయి, కొలువులు ఎట్లా పోయాయి, మన మాట మాట్లాడేవాణ్ణి సినిమాలో జోకరునెట్లా చేశారు, అన్నీ చెప్పాడు. వాళ్ల అన్న ఒంటికి నిప్పంటించుకున్నాడని చెప్పేటప్పుడు ఇంగ్లీషు మాట దొరక్క ఆగిపోయాడు. ఆ మాట నాకు తెలుసు బావా. తెలుగులో తెలుసు. అందించలేకపోయాను. కళ్లనుంచి నీళ్లు మాత్రం కారాయి.

అతను అది చూసి వెనక్కి తిరిగి దోస్తులతో, "చూడుండ్రి బే, ఇటలీ ఆయినె ఏడుస్తుండు. మనోళ్లకే లేదు దర్దు" అన్నాడు. అందరూ నాకు జై కొట్టి వెళ్లిపోయారు.

సాయంత్రం రాజ్ సార్ నా భుజం తట్టాడు. "యాక్టింగ్ అదరగొట్టావ్" అన్నాడు.

నన్ను మరిచిపోవద్దని కోరుతూ,
మీ బాలరాజు

తా.క.: సకినాలు బందుల్లో ఎక్కడెక్కడ తిరిగాయోగాని పిండిపిండై వచ్చాయి. పారేయబుద్ధి కాక ఒకరోజు పాస్తా మీద చల్లాను. ఒక కస్టమరమ్మ ప్లేటు నాకినంత పని చేసి ఇదేమిటని అడిగింది. ఇటలీలో ఒక పల్లెటూరి నుంచి తెప్పించామని సార్ చెప్పాడు. అక్కను ఇంకొన్ని పంపమను. ఈసారి ముందే దంచి పంపితే మేలు.

*

ముత్యంపేట,
12 సెప్టెంబర్ 2012

చిరంజీవి బాలరాజుకు, శుభం పలుకుతూ బావ రాసేది.

ముందుగా ఒక సంగతి. నిన్ను ఏడిపించిన పిల్లవాడు ఆ ముచ్చట ఏ పేపరువాళ్లకో చెప్పినట్టున్నాడు. 'తెలంగాణ కోసం కన్నీరు పెట్టిన ఇటలీ వంటవాడు' అని చిన్న వార్త పడింది. మా టెంటులో నర్సింగం దాన్ని కత్తిరించి గుంజకు అంటించాడు. "ఇటలీ దేశం మనదిక్కున్నది" అని మైకులో చెప్పాడు. ఏడాది గడుస్తున్నా ఆ ముక్క ఇంకా అక్కడే ఉంది. ఆ ఇటలీ దేశం నా బామ్మర్దే అని చెప్తే ఉద్యమం బలహీనపడుతుందని ఊరుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. నీకు పిల్లను చూశాం. సిరిసిల్లలో మొండయ్య అని, సాంచెల మీద బట్ట నేయించే మనిషి. ఆయన బిడ్డ శ్రీలత. డిగ్రీ చదివింది. మీ అక్క వెళ్లి చూసి వచ్చింది. మొండయ్య మంచివాడు, కట్నం మాట ఎత్తితే తానే లేచి పోతానన్నాడు. ఆ పిల్లకు కూడా ఒకే ఒక్క కోరిక. "పిలగాడు నోరిప్పి మాట్లాడేటోడైతె చాలు పెద్దమ్మా. సాంచెల సప్పుడుల పుట్టి పెరిగిన. మా ఇంట్ల ఎవలి మాట ఎవలికీ ఇనబడది" అని మీ అక్కతో చెప్పిందట.

ఈ నెల ముప్పైన ట్యాంక్‌బండ్ దిక్కు సాగర హారం ఉంది కదా. మొండయ్య దానికి వస్తున్నాడు. అటు నుంచి అటే నీ హోటల్‌కు వచ్చి నిన్ను చూసిపోతాడు. పెద్ద పనేమీ లేదు. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, నాలుగు మాటలు మాట్లాడు. నీకు మాట్లాడడం రాకపోతే కదా భయపడడానికి.

ఇట్లు, పెండ్లి పెద్ద,
ఎర్రయ్య

తా.క.: మీ అక్క మాటలు: "తమ్మీ, పిల్లకు సూపెట్ట ఫొటో అడిగిండ్రు. నీ కాగితం మీది బొమ్మనే కత్తెరతోని కత్తిరించి ఇచ్చిన. కింది ఇంగిలీసు తీసేసిన. ఆ పొడుగు టోపి సుత తీసేద్దామనుకున్న గని, తల పోతదని ఉంచిన."

*

ముత్యంపేట,
5 అక్టోబర్ 2012

బాలరాజుకు,

దీవెనలు ఈసారికి ఆపాను.

మొన్న మొండయ్య బస్సు దిగి నేరుగా పోస్టాఫీసుకు వచ్చాడు. మోచేయికి కట్టు. కండ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. నేను కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఎర్రయ్యా, నువ్వు సర్కారు ముద్ర కొట్టేటోనివి. నువ్వే గిట్ల మోసం చేస్తవనుకోలే" అన్నాడు.

"ఏమైందే మొండన్నా?"

"నీ బామ్మర్ది ఫొటో అని ఎవనిదో ఇటలీ ఆయిన ఫొటో ఇచ్చినవు. గా హోటల్ గోడకు మనిషంత ఎత్తు పెట్టిండ్రు గదే ఫొటో. కింద పేరు గూడ ఉన్నది, బ్రూనో అని. నా పక్కనున్న పిలగాన్ని అడిగి సదివిచ్చుకున్న."

నేను గాభరాపడి, "అన్నా, వాడే బాలరాజు. వాడే నా బామ్మర్ది" అన్నాను.

"నేను సుత గట్లనే అనుకున్న. లోపటికి పోయి అద్దం కొట్టి పిలిచిన. 'బాలరాజూ, కొడుకా, సిరిసిల్ల నుంచి అచ్చిన' అన్న. గాయినె నా దిక్కు చూసి 'నో తెలుగు' అన్నడు."

నేను ఎన్నో విధాల చెప్పాను. అది వాడి కొలువు అన్నాను, యజమాని ఒట్టు పెట్టించుకున్నాడన్నాను. మొండయ్య అంతా విని ఒక్క మాట అన్నాడు. "ఎర్రయ్యా, నేను పోలీసోని కట్టె తిని, ఆ గ్యాసు పొగల దగ్గుకుంట, వాన నీళ్లు కారుకుంట పోయిన. గసొంటి మనిషి కొడుకా అని పిలిస్తే, మనోడైతె పలుకకుంటడా? పలుకలేదంటే మనోడు కాడు. నువ్వే మోసపోయినవో, నన్నే మోసం చేసినవో నీకే ఎరుక."

నేను మోసం చేయలేదని నిరూపించాలంటే, నువ్వు పలకలేదని ఒప్పుకోవాలి. ఏది ఒప్పుకోమంటావు?

ఎర్రయ్య

తా.క.: మీ అక్క ఏమైనా రాయమంటుందేమోనని అడిగాను. "నో తెలుగు" అంది.

*

హైదరాబాద్,
20 అక్టోబర్ 2012

బావకు, అక్కకు. దండం పెట్టే ముఖం లేదు, అయినా పెడుతున్నాను.

నువ్వడిగిన దాంట్లో రెండోది ఒప్పుకో. నేను పలకలేదు.

ఆ ఆదివారం హోటల్ నిండి ఉంది. రోడ్లు మూసేస్తే పెద్దోళ్లు ఇంట్లో ఉండరు బావా, దగ్గర్లో ఉన్న హోటళ్లకు వస్తారు. రాజ్ సార్ ఒక పెద్ద కుటుంబాన్ని అద్దం దగ్గరికి తెచ్చి నన్ను చూపిస్తున్నాడు. నేను పిండి ఎగరేస్తున్నాను. అప్పుడే గేటు దగ్గర కాపలావాణ్ణి తోసుకుని ఒక పెద్దమనిషి లోపలికొచ్చాడు. తడిసి ముద్దయి, తలకు తువ్వాల చుట్టుకుని ఉన్నాడు. నడిచిన చోటల్లా తెల్లని బండల మీద నీళ్లు. అందరూ తినడం ఆపి చూశారు. ఆయన మాత్రం ఎవరినీ చూడలేదు. తిన్నగా నా దగ్గరికి వచ్చి, అద్దం మీద చేయి పెట్టాడు.

ఆయన ఎవరో నాకు వెంటనే తెలిసింది. 'మామా' అనే మాట గొంతు దాటి పెదవుల దాకా వచ్చింది. రాజ్ సార్ చప్పున లోపలికొచ్చి నా వెనక నిలబడి నవ్వు ముఖంతోనే, "తెరిచావంటే ఇవాళే ఆఖరు" అన్నాడు. నా నోటి నుంచి వచ్చిందేమిటో నీకు మొండయ్య మామ చెప్పాడు. అది నేను అనుకుని అన్నది కాదు. ఎవరైనా పలకరిస్తే అనమని సార్ నేర్పిన ఆ రెండు ముక్కలే, ఏడాదిన్నరగా రోజూ అంటున్నవే, అలవాటుగా వచ్చాయి. ఆయన చెయ్యి తీసేశాక అద్దం మీద అయిదు వేళ్ల తడి మిగిలింది. బట్ట తెచ్చి తుడవమన్నాడు సార్.

నేను వెనక తలుపులో నుంచి రోడ్డు మీదికి పరుగెత్తాను. టోపీ కూడా తీయలేదు. వాన కొడుతోంది. ట్యాంక్‌బండ్ దిక్కు నుంచి పోలీసులు తరిమిన జనం రోడ్డు నిండా ఉన్నారు, అప్పటికే మామ వాళ్లలో కలిసిపోయాడు. ఒక ఎస్సై ఎదురొచ్చాడు. లాఠీ చంకలో పెట్టుకుని నాకు సెల్యూట్ కొట్టాడు. "సార్, ప్లీజ్ గో ఇన్‌సైడ్. లోకల్ ప్రాబ్లం" అని, తన గొడుగు నా చేతికిచ్చి హోటల్ దాకా దిగబెట్టాడు. దారి పొడుగునా మనవాళ్లను పక్కకు నెట్టి నాకు దారి చేశాడు. మామకు కట్టె దెబ్బ, నాకు గొడుగు. ఇద్దరిదీ ఒకటే జిల్లా.

బావా, శ్రీలతకు ఒక్క మాట చెప్పు. నేను సిరిసిల్ల వస్తాను. ఆమె వద్దనేదాకా మాట్లాడతాను. సాంచెలన్నీ నడుస్తున్నా వినపడేటట్టు మాట్లాడతాను.

తప్పు కాయమని అడుగుతూ,
బాలరాజు

తా.క.: ఎవరి సొమ్ము వాళ్లకు చేరాలని మరునాడు గొడుగు ఇవ్వడానికి స్టేషన్‌కు వెళ్లాను. టోపీ లేకుండా, తెలుగులో మాట్లాడాను. ఎక్కడ దొంగిలించావని అడిగారు.

*

ముత్యంపేట,
3 ఫిబ్రవరి 2013

బాలరాజుకు, కోపం చల్లారిన బావ దీవెనలు.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని సిరిసిల్ల వెళ్లాను. మొండయ్య నన్ను చూసి లోపలికి వెళ్లిపోయాడు. శ్రీలత వచ్చి మంచినీళ్లిచ్చింది. నీ ఉత్తరం ఆమె చేతిలోనే పెట్టాను. గుమ్మంలో నిలబడి మొత్తం చదివింది. గొడుగు దగ్గర కొంచెం నవ్వింది. నాకు ఆశ పుట్టింది.

కాగితం మడిచి ఇచ్చేసి, "కాకా, ఈయినె చెడ్డోడు కాడు" అంది.

"అవును బిడ్డా, మంచోడు" అన్నాను.

"మంచోడే. గని మా నాయిన దెబ్బలు తిని పోయి పిలిస్తే భయపడి పలుకలేదు. రేపు నన్ను ఎవలన్న ఏమన్న అంటే గప్పుడు సుత భయపడడా? నాకు నౌకరి చిన్నదైనా మంచిదే. నాలుక తాకట్టు పెట్టినోడు వద్దు కాకా."

ఆ అమ్మాయికి పోయిన వారమే పెండ్లయింది. వరుడు ఎల్లారెడ్డిపేటవాడు, ఆటో నడుపుతాడు. మీ అక్క వద్దన్నా వినకుండా పెండ్లికి వెళ్లి కూరగిన్నెలు చదివించి వచ్చింది.

నీ మీద కోపం లేదు నాకు. ఆ రాజ్ మీదనే నా కోపమంతా. పక్క ప్రాంతంవాడికి మన మాట విలువేం తెలుస్తుంది? ఎంతో కాలం పట్టదు, మన రాష్ట్రం మనకు రానీ. మన హోటళ్లు మనవాళ్ల చేతికొస్తాయి. ఆ రోజు నువ్వు టోపీ తీసి, అద్దం పగిలేటట్టు మాట్లాడుదువుగాని. అందాకా ఓపిక పట్టు.

నీ బావ,
ఎర్రయ్య

తా.క.: మీ అక్క మాటలు: "తమ్మీ, పెండ్లిల పిలగాన్ని చూసిన. పోచమ్మ తోడు, మాట్లాడుతనే ఉన్నడు. పంతులుకు మంత్రం సదువ సందియ్యలేదు. గా పిల్లకు రెండొద్దులల్ల నువ్వే యాదికొస్తవు."

*

హైదరాబాద్,
8 జూన్ 2014

బావకు, అక్కకు, మన రాష్ట్రంలో నుంచి మొదటిసారి పెడుతున్న దండాలు.

మీ ఊళ్లో రెండో తారీఖున పటాకులు కాల్చారని, అక్క మళ్లీ గంజెడు బగార అన్నం వండిందని విన్నాను. ఇక్కడ నాకేం జరిగిందో మొదటి నుంచి చెప్తాను.

మే నెలలో రాజ్ సార్ హోటల్‌ను మూసేశాడు. అద్దాలు పీకించాడు. గోడలకు ఎర్రమట్టి రంగు వేయించి ముగ్గులు పెట్టించాడు. ఒక మూలకు బండి చక్రం, ఇంకో మూలకు బోనం కుండలు. జిరసోలె బోర్డు దింపి 'ముత్తవ్వ కంచం' అని తెలుగులో పెద్ద బోర్డు ఎక్కించాడు. సర్వపిండి, మక్క గారెలు, పచ్చిపులుసు, తలకాయ కూర, అన్నీ మన వంటలే. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను బావా. పిజ్జా మార్కో దగ్గర నేర్చుకున్నాను, ఇవి మా అక్క దగ్గర నేర్చుకున్నవి. ఇక నోరు తెరిచి వండవచ్చనుకున్నాను.

రెండో తారీఖు మధ్యాహ్నం హోటల్ తెరిచారు. పెద్దపెద్దవాళ్లు, టీవీవాళ్లు వచ్చారు. నన్ను పాత తెల్ల బట్టల్లోనే, టోపీ పెట్టుకుని రమ్మన్నాడు సార్. ఎందుకో అనుకున్నాను. రాజ్ సార్ పంచె కట్టి, భుజాన గొంగడి వేసుకుని మైకు అందుకున్నాడు.

"అందరికి దండాలు. నన్ను మీరంత రాజ్ అంటరు. నా పేరు రాజేశం. మాది రాయికల్. మా అవ్వ ముత్తవ్వ బీడీలు చేసి నన్ను సదివిచ్చింది. గీ పట్నంల నేను నోరు తెరిస్తే నవ్విండ్రు. గా నవ్వులకు భయపడి ఇన్నొద్దులు నా మాట నేనే దాచుకున్న. ఇగ దాచుకోను" అన్నాడు.

బావా, ఆయన ఆ పక్కవాడు కాడు. మనకు పక్కూరివాడు. మూడేళ్లు ఆయన కింద పనిచేశాను, ఒక్క మాట జారలేదు. మన మాట ఆయన నోట్లో ఎంత బాగుందనుకున్నావు! అందరూ కండ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. ఆయన అబద్ధం చెప్పడం లేదు, అదే నాకు కష్టమనిపించింది.

తరువాత నా వైపు చేయి చూపించాడు. "ఇగ నుంచి మా కాడ పనిచేసేటోళ్లు అందరు మనోళ్లే. ఇన్ని దినాలు మనకు వండి పెట్టిన ఇటలీ ఆయినెను మంచిగ సన్మానం చేసి వాళ్ల దేశం సాగనంపుతున్నం" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఎవరో నాకు శాలువా కప్పారు. ఇంకొకరు దండ వేశారు. నాకు ముందుగా ఒక్క మాటైనా చెప్పలేదు బావా.

ముందు వరుసలో ఒకాయన, "బ్రూనో గారూ, పోయేముందు తెలుగుల రెండు ముక్కలు చెప్పుండ్రి!" అని అరిచాడు. మైకు నా చేతికి వచ్చింది. రాజేశం సార్ ముఖం తెల్లబోయింది. శ్రీలత అన్న మాట నాకు రోజూ గుర్తుకొస్తూనే ఉంది. ఇప్పుడు భయపడితే ఇక ఎప్పటికీ ఇంతే అనుకుని టోపీ తీశాను.

"నేను ఇటలోన్ని కాదు. నా పేరు బాలరాజు. మాది కోరుట్ల దిక్కు. మా అక్క పేరు లింగవ్వ, మా బావ ముత్యంపేట పోస్టుమాస్టర్. నేను ఈడ పుట్టినోన్ని. నన్ను ఏ దేశం పంపుతరు మీరు?" అన్నాను.

హాలంతా పగలబడి నవ్వింది. ఈలలు వేశారు. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "ఏం నేర్చుకున్నడే యాస! అచ్చం మనోని లెక్కనే ఉన్నది" అన్నారు. ఒకావిడ పిల్లవాణ్ణి ముందుకు తోసి, "చూడు, ఫారిన్ అంకుల్ తెలుగు ఎంత ముద్దుగా మాట్లాడుతున్నాడో, నువ్వూ ఉన్నావు" అంది. నేను మళ్లీ చెప్పాను. ఒట్టు పెట్టాను. కోపం వచ్చి తిట్టాను కూడా. తిట్టిన కొద్దీ ఎక్కువ నవ్వారు. టీవీ పిల్ల మైకు పెట్టి, "ఎన్ని నెలల్లో నేర్చుకున్నారు సార్?" అని అడిగింది.

రాజేశం సార్ వచ్చి నా భుజం మీద చేయి వేసి పక్కకు తీసుకెళ్లాడు. మొదటిసారి నాతో మన మాటలో మాట్లాడాడు. "నీ తప్పేం లేదు బాలరాజు. గని నీ మొఖం చూసి పచ్చిపులుసు ఎవడు తాగుతడు? నువ్వే చెప్పు" అన్నాడు.

శాలువా మడిచి ఆయన చేతిలోనే పెట్టి వచ్చేశాను.

మీకు చెప్పుకున్నాను, కాస్త తేలికైంది. అక్క ముందర ఇది నవ్వుతూ చదువు బావా.

మీవాడు,
బాలరాజు

తా.క.: హోటల్ గది నిన్ననే ఖాళీ చేయించారు. కాబట్టి ఈ కవరు వెనక పంపినవారి చిరునామా పూర్తిగా రాయలేకపోయాను. ఇంటి నంబరు, వీధి, ఊరు తెలిశాక రాస్తాను. రాష్ట్రం ఒక్కటి రాసి ఉంచాను.